పొగాకు కథ – 7: పదహారడుగుల గది

జనవరి నెల, అర్ధరాత్రి దాటింది. టంగుటూరు నుంచి కొండపి వైపు వెళ్తుంటే చేలగట్ల వెంబడి ఎత్తయిన ఇటుక గదులు వరసగా కనిపిస్తాయి. ఊళ్లో ఇళ్లకుండే కిటికీలు వాటికి ఉండవు. గోడ అడుగున పొయ్యి నోరు ఎర్రగా మండుతుంటుంది. పైన గొట్టంలోంచి పొగ మంచులో కలిసిపోతుంటుంది. పక్కనే నులక మంచం మీద దుప్పటి కప్పుకుని ఒక మనిషి కూర్చునుంటాడు. కాసేపటికోసారి లేచి, గోడలో బిగించిన అద్దపు బిళ్లకు టార్చిలైటు ఆనించి, లోపల వేలాడే థర్మామీటరు చూసి, పొయ్యిలో ఇంకో మొద్దు తోసి వస్తాడు. అయిదారు రోజులపాటు ఆ మంచం మీద కంటినిండా నిద్రపోయేవాడు ఉండడు.

ఆ గదినే మనవాళ్లు బ్యారన్ అంటారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల పొగాకు చరిత్ర అనగానే కంపెనీల పేర్లు, ఎగుమతుల లెక్కలు, గుంటూరు వ్యాపారుల మేడలు గుర్తొస్తాయి. అవన్నీ నిజమే. అయినా పచ్చటి ఆకు బంగారు రంగు సరుకుగా మారింది మాత్రం ఈ గదిలోనే. రైతు తన చేత్తో కట్టించుకుని, అప్పుచేసి పొయ్యి పెట్టి, రాత్రుళ్లు మేలుకుని నేర్చుకున్న విద్య అది. ఈ వారం ఆ గది గురించి చెప్పుకుందాం.

పోయిన వారం గోదావరి లంకల్లో ఆగాం. లంక పొగాకుకు పొయ్యి అక్కర్లేదని చెప్పుకున్నాం. ఆకును పందిళ్ల మీద తోరణాలు కట్టి ఆరబెట్టి, ఎండాక దగ్గరికి పేర్చి మండె వేస్తారు. మండె అంటే ఉత్త కుప్ప అనుకోకండి. తగిన పదునులో ఉన్న ఆకును ఒత్తుగా పేర్చి పైన కప్పితే, ఆకులో మిగిలిన రసాయనాలూ సూక్ష్మజీవులూ పని మొదలుపెట్టి లోపల దానంతటదే వేడి పుడుతుంది. చెయ్యి పెడితే సుర్రుమంటుంది. ముక్కుపుటాలు అదిరే అమ్మోనియా వాసన వస్తుంది. అంతలో మండె విప్పి, లోపలి ఆకు పైకి, పైనాకు లోపలికి తిరగేసి మళ్లీ కట్టాలి. ఆలస్యమైతే నడిమి ఆకు మాడిపోతుంది. సరిగా మాగితే ఘాటు తగ్గి, రంగు ముదిరి, చుట్టకు కావలసిన కమ్మదనం వస్తుంది. నిప్పు లేని కొలిమి అది.

చుట్టకు మండె చాలు. సిగరెట్టుకు చాలదు. ఎందుకు చాలదో తెలియాలంటే కాసేపు సముద్రం దాటి వెళ్లాలి.

అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రం, కాస్వెల్ కౌంటీ, 1839. ఆబిషా స్లేడ్ అనే భూస్వామి పొలంలో స్టీఫెన్ అనే యువకుడు ఉండేవాడు. బానిస. కమ్మరం పని తెలిసినవాడు. ఆకు ఆరబెట్టే కొట్టంలో రాత్రంతా మంట చూసుకోవడం అతని వంతు. వానపడుతున్న ఒక రాత్రి కునుకు పట్టింది. లేచేసరికి మంట దాదాపు చల్లారింది, కట్టెలేమో తడిసి ఉన్నాయి. యజమానికి తెలిస్తే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. కమ్మరి కొలిమి దగ్గరికి పరుగెత్తి బొగ్గు తెచ్చి నిప్పులో పోశాడు. పొగ లేని చురుకైన వేడి ఒక్కసారి ఎగసింది. తెల్లారి చూస్తే గోధుమరంగులో ఉండాల్సిన ఆకంతా పసుపుపచ్చగా మెరుస్తోంది. ఆ సరుకు మంచి ధర పలికింది. ఆ పద్ధతిని పదిమందికీ చూపించిన యజమానికి పేరొచ్చింది. కనిపెట్టిన స్టీఫెన్ మాత్రం అంతర్యుద్ధం ముగిసేదాకా బానిసగానే ఉన్నాడు. ఈ కథ నోటినోటా ఎంత పెరిగిందో గాని, ఎక్కువగా చెప్పుకునేది ఇదే. దీని ప్రకారం ఈ పరిశ్రమ మొదటి పాఠం ఒక బానిస చేతిలో పుట్టింది.

బొగ్గుతో చిక్కేమిటంటే నిప్పు ఆకు కిందే ఉంటుంది. రవ్వ ఎగిరితే కొట్టం మొత్తం భస్మం. అందుకే అంతర్యుద్ధం తర్వాతి దశాబ్దాల్లో ఇనుప గొట్టాల పద్ధతి స్థిరపడింది. పొయ్యి గోడ బయటికి తెరుచుకుంటుంది. వేడి గాలీ పొగా గది నేల మీద పరిచిన ఇనుప గొట్టాల గుండా తిరిగి చిమ్నీలోంచి పోతాయి. ఆకుకు వేడి తగులుతుంది, పొగ తగలదు. పొగలో ఆరిన ఆకుకు పొగ వాసన పడుతుంది, దీనికి పడదు. ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారిన సమయంలోనే ఆకు ఆరిపోతుంది కాబట్టి ఆ తీపి అందులోనే నిలిచిపోతుంది. మండెలో మాగిన ఆకులో ఆ చక్కెర మిగలదు. సిగరెట్టుకు కావలసింది సరిగ్గా ఈ ఆకు. పొగ ఘాటుగా గొంతు పట్టదు. గుండెలనిండా పీల్చుకోవచ్చు. మనిషికి దీనివల్ల జరిగిన కీడు కూడా అక్కడే మొదలైంది. చుట్ట పొగ చాలావరకు నోటిలో ఆగిపోయేది. ఈ పొగ ఊపిరితిత్తుల లోతుకు దిగింది.

1880ల్లో సిగరెట్లు చుట్టే యంత్రం వచ్చింది. జేమ్స్ డ్యూక్ ఆ యంత్రాలతో అమెరికా మార్కెట్టును గుప్పిట్లో పెట్టుకున్నాడు. 1902లో అతని కంపెనీ, బ్రిటన్‌లోని ఇంపీరియల్ టొబాకో కలిసి బ్రిటిష్ అమెరికన్ టొబాకో కంపెనీని పెట్టాయి. 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియా పుట్టింది. ఆకు సంపాదించడానికి 1912లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఏర్పడింది. మన పెద్దవాళ్లు ఐఎల్‌టీడీ అనే వాళ్లే వీళ్లు. గుంటూరులోనూ చీరాలలోనూ వీళ్ల జాడ ఇప్పటికీ ఉంది.

ఇంతలో బ్రిటన్ ప్రభుత్వం 1919లో తన సామ్రాజ్యంలో పండిన పొగాకుకు దిగుమతి సుంకంలో రాయితీ ఇచ్చింది. అమెరికా ఆకు కంటే మన ఆకు లండన్ రేవులో చవకగా దిగే అవకాశం వచ్చింది. ఇక చూడండి, గుంటూరు నల్లరేగడి మీద కంపెనీ కన్ను పడింది. 1920 ప్రాంతంలో అమెరికా రకం ఆడ్‌కాక్‌ను ఇక్కడ వేసి చూశారు. 1928 నాటికి పొయ్యి గొట్టాలతో ఆకు కాల్చే పని మొదలైంది. హారిసన్ స్పెషల్ అనే రకం చేలల్లో పరుచుకుంది. ఆకు వాన పడని చలికాలంలో, నల్లరేగడిలో నిలిచిన తేమ మీద ఎదిగేది. పాతికేళ్లు తిరిగేసరికి గుంటూరు పేరు లండన్ వ్యాపారుల నోళ్లలో నానింది.

కంపెనీ విత్తనం ఇచ్చింది, కాల్చే తీరు చూపించింది, ఆకు కొన్నది. గది మాత్రం రైతే కట్టుకోవాలి. కథలో నాకు అన్నిటికంటే విలువైనదనిపించే భాగం ఇదే.

కొలత పదహారడుగుల పొడవు, పదహారడుగుల వెడల్పు, ఇంచుమించు అంతే ఎత్తు. కాస్త కలిగినవాళ్లు ఇంకా పెద్దది కట్టేవారు. ఊళ్లో ఇల్లు కట్టే తాపీమేస్త్రీయే దీన్నీ కట్టాడు. ఇల్లు కట్టేటప్పుడు గాలి ఆడాలని చూస్తారు, ఇక్కడ గాలి మన మాట వినాలని చూడాలి. ఇటుకను మట్టి అడుసుతో పేర్చి, లోపలా బయటా సందు లేకుండా మెత్తేవారు. గోడలో చీమ దూరే సందున్నా ఆ పక్క ఆకు పచ్చగా మిగిలిపోతుంది. పునాది దగ్గర చుట్టూ చిన్న కంతలు, వాటికి మూతలు. పైకప్పు కింద ఇంకో మూత, దాన్ని తాడుతో కిందనుంచే లాగవచ్చు. ఈ పైమూత, కింది కంతలే బ్యారన్‌కు ముక్కూ నోరూ. రెండూ మూస్తే లోపలి తేమ లోపలే ఉంటుంది. రెండూ తెరిస్తే వేడిగాలి పైకి లేచి తేమను మోసుకుపోతుంది. ఫ్యాను లేదు, కరెంటు లేదు. వేడిగాలి పైకి పోతుందన్న ఒక్క సూత్రం మీద ఆ గదంతా నడిచింది.

లోపల గోడ నుంచి గోడకు అంతస్తులు అంతస్తులుగా దూలాలు. ఆ దూలాల మీద కర్రలు ఆనించి వాటికి ఆకు వేలాడదీస్తారు. నేల మీద ఇనుప రేకు గొట్టాలు పొయ్యి నుంచి బయలుదేరి, గది చుట్టూ తిరిగి, మళ్లీ పొయ్యి పక్క గోడలోంచి చిమ్నీకి చేరతాయి. గొట్టం అతుకు వదిలితే పొగ లోపలికి వచ్చి ఆకు పాడవుతుంది. పై కర్ర నుంచి ఒక్క ఎండాకు జారి ఎర్రగా కాలిన గొట్టం మీద పడితే చాలు, ఏడాది కష్టం గంటలో బుగ్గి. అందుకే తర్వాతి కాలంలో గొట్టాల పైన ఇనుప జల్లెడ పరిచారు. పొగాకు పల్లెల్లో బ్యారన్ అంటుకోవడమంటే ఇల్లు కాలినంత మాట.

ఇక కాల్చడం. ఇది చదువుకుంటే వచ్చే విద్య కాదు, కళ్లతో ముక్కుతో పట్టాల్సింది.

మొక్క మీది ఆకంతా ఒకేసారి పండదు. అడుగాకు ముందు ముదురుతుంది. వారానికోసారి రెండు మూడు ఆకుల చొప్పున కింది నుంచి పైకి విరుచుకుంటూ పోవాలి. తెల్లవారుజామున మంచులో తడిసిన ఆకు విరిచి చంకలో పెట్టుకుని మోసే కూలీలకు మధ్యాహ్నానికి వాంతులు, తల తిరుగుడు. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగడమే కారణమని వైద్యులు తర్వాత తేల్చారు. అంతకుముందు అది ఎండదెబ్బ ఖాతాలో పోయింది. తెచ్చిన ఆకును నీడలో కూర్చుని పురికొసతో కర్రలకు అల్లే పని ఆడవాళ్లది. కర్రకు సుమారు వంద ఆకులు. వాళ్ల వేళ్లకు పట్టిన జిగురు, నలుపు ఆ సీజనంతా వదిలేది కాదు. అన్నం ముద్ద చేదుగా ఉండేది.

కర్రలు ఎక్కించి తలుపు మూశాక మొదటి ఘట్టం పండబెట్టడం. ఫారన్‌హీట్ లెక్కలో 90, 95 డిగ్రీల దగ్గర పొయ్యి మొదలై, నూరు దాటి 105 వరకు మెల్లగా పోవాలి. మూతలన్నీ బిగించి తేమ లోపలే ఉంచాలి. ఆకు ఇంకా బతికే ఉంటుంది. ఊపిరి పీల్చుకుంటూ తనలోని పిండిని చక్కెరగా మార్చుకుంటుంది. పచ్చదనం విరిగిపోయి, ఇన్నాళ్లూ దాని వెనక దాగిన పసుపు బయటపడుతుంది. రోజున్నర, రెండు రోజులు. ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

రెండో ఘట్టంలోనే రైతు గెలిచేదీ ఓడేదీ. ఆకు పసుపు తిరిగిన గంట చూసుకుని మూతలు కొద్దికొద్దిగా తీస్తూ, వేడి 140 వరకు పెంచుతూ, ఆ రంగును అలాగే బంధించాలి. తొందరపడి ముందే వేడి పెంచితే పచ్చదనం ఆకులోనే అచ్చుపడిపోతుంది, ఇక ఏం చేసినా పోదు. ఆలస్యమైతే పసుపు దాటి గోధుమరంగు వస్తుంది. తేమ బయటికి పోకముందే వేడి ఎక్కితే ఆకు ఉడికి నల్లబడుతుంది. ఇదంతా థర్మామీటరు చెప్పదు. థర్మామీటరు వేడి ఎంతో చెబుతుంది, ఆకు ఏ దశలో ఉందో మనిషే చూడాలి. అద్దంలోంచి చూసి, తలుపు సందులోంచి వచ్చే వాసన పట్టి, ఇక మూత తియ్యొచ్చురా అని చెప్పగలిగిన మనిషికి ఊళ్లో ఉన్న విలువ మాటల్లో చెప్పలేం. అక్షరం రానివాళ్లెందరో ఆ పనిలో నిపుణులు. వాళ్ల పేర్లు ఏ నివేదికలోకీ ఎక్కలేదు.

చివరి ఘట్టం ఈనె ఎండడం. 160 డిగ్రీలు. ఈనె పుటుక్కున విరగాలి. అంతకు మించి కాలిస్తే ఆకు ఎర్రబారుతుంది. పొయ్యి ఆర్పేశాక ఆకు పట్టుకుంటే పొడైపోయేంత పెళుసుగా ఉంటుంది కాబట్టి, తలుపులు తెరిచి రాత్రి మంచుకు పదునెక్కనిచ్చి అప్పుడు దింపుతారు. ఆరేడు కిలోల పచ్చాకు పెడితే చేతికొచ్చేది కిలో. మిగతాదంతా నీరే, ఆవిరై పోయింది. దింపిన ఆకును మళ్లీ మండె వేసి, రంగురంగులుగా గ్రేడు చేసి, బేళ్లు కడతారు. ఆ గ్రేడింగు కూడా ఆడవాళ్ల పనే. నిమ్మపండు పసుపుకూ నారింజ పసుపుకూ మధ్య ఉన్న తేడా మసక వెలుతురులో పట్టగలిగేవారు వాళ్లు.

ఇంత విద్య నేర్చిన రైతు చేతిలో ధర మాత్రం ఉండేది కాదు. ఆకు కొనేవాడు చెప్పిందే గ్రేడు, ఇచ్చిందే ధర. బ్యారన్ కట్టడానికి చేసిన అప్పు తలమీద ఉంటుంది గనుక పంట మానేయడానికీ వీల్లేదు. పత్తి రైతు వచ్చే ఏడు మిరప వేయగలడు. బ్యారన్ ఉన్నవాడు పొగాకే వేయాలి. ఆ గది ఇంకెందుకూ పనికిరాదు.

ప్రభుత్వం 1943లో పొగాకు మీద ఎక్సైజు సుంకం వేసింది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ వచ్చింది. కొత్త వంగడాలు, తెగుళ్ల నివారణ, పొయ్యి గొట్టాల మెరుగుదల దాని పని. 1975లో చట్టం చేసి, 1976 జనవరి 1 నుంచి గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డును నడిపించారు. ఆ తర్వాత బ్యారన్ కట్టాలన్నా నడపాలన్నా లైసెన్సు తప్పనిసరి అయింది. పంట ఎంత పండించాలన్న లెక్క బ్యారన్‌కు ఇన్ని క్వింటాళ్లని నిర్ణయమైంది. రైతు గుర్తింపు అతని పొలం కాదు, అతని బ్యారన్. 1984లో కర్ణాటకలో, ఆ మరుసటి ఏడు మన రాష్ట్రంలో వేలం పద్ధతి వచ్చింది. ధర పదిమంది ఎదుట పలకడం రైతుకు నిజంగా మేలే చేసింది. కాని వేలంలో కొనేవాళ్లు కూడబలుక్కుంటే ఆ మేలు ఎంతసేపు? 2000–01లో పంట విరామం ప్రకటించాల్సి వచ్చింది. 2015లో ధర పడిపోయి ప్రకాశం జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2020లో రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌ను వేలంలోకి దింపి కొనిపించింది.

అడవి సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. కిలో ఆకు కాలడానికి నాలుగైదు కిలోల కట్టె కావాలి. ఒక బ్యారన్‌లో ఏడాదికి 30 క్వింటాళ్లు కాలిస్తే 12 నుంచి 15 టన్నుల కట్టె పొయ్యిలోకి పోయినట్టు. సింగరేణి బొగ్గు అందినంతకాలం దాంతో కొంత నడిచింది. నల్లరేగడి నుంచి తేలికనేలలకు సాగు జరిగి, జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వైపు బ్యారన్లు లేచాక పక్కనే ఉన్న అడవి మీద భారం పడింది. తుమ్మ, సరుగుడు, జామాయిల్ నాటించారు, పొట్టు ఇటుకలు కాల్పించారు, వేడి పోకుండా పైకప్పుకు గడ్డి పరుపులు వేయించారు. అన్నీ మంచి పనులే. అన్నీ ఆలస్యంగా జరిగాయి. నరికిన చెట్టుకు లెక్క రాసినవాడు లేడు. నా దృష్టిలో ఆకు ధరలో ఆ చెట్టు ధర ఎప్పుడూ కలవలేదు.

ఒక మాట. ఈ రోజుల్లో అమెరికాలో, ఐరోపాలో పెరట్లో నాలుగు మొక్కలు పెంచుకునేవాళ్లు ఇంట్లోనే చిన్న కొలిమి కట్టుకుంటున్నారు. పాత ఫ్రిజ్ డొక్కులో గాని, లోపల థర్మోకోల్ అతికించిన ప్లైవుడ్ పెట్టెలో గాని, అడుగున నీళ్లతో సన్నగా కాగే కుక్కర్, ఒక థర్మోస్టాట్, చిన్న ఫ్యాను పెడతారు. 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఆకు పెళుసెక్కకుండా తేమ నిలిపి, నెల నుంచి నెలన్నర ఉంచితే ఏడాదో రెండేళ్లో నిలవచేసినంత మాగుతుందంటారు. బ్యారన్ చేసే పని అది కాదు. బ్యారన్ ఆకును ఆరబెడుతుంది, ఆ పెట్టె ఆరిన ఆకును మాగబెడుతుంది. అంటే అది మన లంక మండెకు తమ్ముడు. మండె తన వేడి తానే పుట్టించుకుంటుంది. దానికి వేల ఆకులు ఉండాలి. పది గుప్పెళ్ల ఆకుతో మండె వేస్తే వేడి పుట్టదు కాబట్టి వాళ్లు ఆ వేడిని కరెంటుతో తెచ్చుకుంటున్నారు. గోదావరి లంకల్లో తాతలు చేతి అంచనాతో తిరగేసిన మండెకు ఇంతకంటే మంచి సాక్ష్యం ఏం కావాలి?

ఇక మన దగ్గర సంగతి. కట్టె ధర, కూలి ధర మోయలేక లైసెన్సు వదులుకున్నవాళ్లున్నారు. గది అక్కర్లేని బర్లీ పొగాకును పందిళ్ల మీద ఆరబెట్టేందుకు ఎగబడినవాళ్లూ ఉన్నారు. 2025లో ఆ బర్లీని కంపెనీలు కొనక, ప్రభుత్వం కొనాల్సి వచ్చిన సంగతి మీరందరూ పేపర్లలో చదివారు. పొగాకు వదిలి శనగ, మిరప, సుబాబుల్ వేసుకున్న ఊళ్లలో పాత బ్యారన్లు పశువుల కొట్టాలయ్యాయి, కొన్ని ఇటుకల కోసం కూలిపోయాయి. పొగాకు తగ్గాలని నేను మనసారా కోరుకుంటాను. అది తీసిన ప్రాణాల లెక్క చిన్నది కాదు. ఆ పంట పోయినా, ఆ గది కట్టిన చేతుల పనితనం మాత్రం గుర్తుండాలి.

మీ ఊళ్లో పాత మట్టి అడుసు బ్యారన్ ఇంకా నిలిచి ఉంటే ఈ వేసవిలో ఒకసారి వెళ్లి చూడండి. పొడవు, వెడల్పు, దూలాల అంతస్తులు, పొయ్యి నోటి కొలత రాసుకోండి, ఫొటో తీయండి. దాన్ని కట్టిన మేస్త్రీ, కాల్చిన మనిషి, ఆకు అల్లిన అమ్మ ఎవరైనా బతికి ఉంటే వాళ్ల మాట వాళ్ల నోటితోనే రికార్డు చేయండి. వాళ్లంతా ఇప్పుడు డెబ్భైలు, ఎనభైలలో ఉన్నారు.